ఆరు ఫ్లాట్ల కింది నేల

జెర్సీ సిటీలోని ఒక చిన్న లాయరు ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పారాలీగల్‌గా పనిచేసి రిటైరయ్యాను. పారాలీగల్ అంటే లాయరు కాదు. లాయరు సంతకం పెట్టబోయే ప్రతి కాగితాన్నీ ఆయనకంటే ముందు చదివే మనిషి. ఇళ్ళు కొనేవాళ్ళ కాగితాలు, అమ్మేవాళ్ళ కాగితాలు, వాటితోనే నా ఉద్యోగమంతా గడిచింది.

ఇప్పటికీ మా అబ్బాయి స్నేహితులు వారాంతాల్లో వచ్చి, "ఆంటీ, కాండో చూస్తున్నాం, ఏమేం చెక్ చేసుకోవాలి?" అని అడుగుతుంటారు. స్కూళ్ళెలా ఉన్నాయి, స్టేషన్‌కి ఎన్ని నిమిషాల నడక, జిమ్ ఉందా లేదా, ఇవన్నీ మళ్ళీ వాళ్ళే నాకు చెప్తారు. "కింద నేల ఎవరిది?" అని నేనడిగితే నవ్వుతారు. "నేలేంటి ఆంటీ, మేం కొనేది పద్నాలుగో ఫ్లోర్" అంటారు. వాళ్ళ నవ్వు చూసినప్పుడల్లా నాకొక కేసు గుర్తొస్తుంది. మామూలుగా దాని గురించి ఎవరికీ చెప్పను. ఇళ్ళు కొనబోతున్న పిల్లలూ, మీరు చదవాలని ఇప్పుడు రాస్తున్నాను.

ముందు నా గొప్ప కొంచెం చెప్పుకోనివ్వండి, తర్వాత చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. డిపెండెంట్ వీసా మీద ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నాక వర్క్ పర్మిట్ వచ్చింది. కమ్యూనిటీ కాలేజీలో ఒక సర్టిఫికెట్ కోర్సు చేసి, ఉద్యోగం కోసం మా లాయరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక పాత డీడ్, అంటే ఇంటి దస్తావేజు, నా ముందు పెట్టి, ఇందులో మూడు తప్పులున్నాయి పట్టుకోమన్నారు. నాలుగు చూపించాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

ముఖ్యంగా పేర్లలో నన్ను మించినవాళ్ళు లేరని ఆఫీసంతా అనేవారు. ఆఫీసంతా అంటే లాయరుగారు, రిసెప్షన్‌లో కూర్చునే ప్యూర్టో రికో ఆవిడ, అంతే. మనవాళ్ళ పేర్ల సంగతి మీకు తెలుసు. ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట. పాస్‌పోర్టులో ఒకటి, లైసెన్సులో ఒకటి, డిగ్రీలో నాన్నగారి పేరుతో కలిపి ఇంకొకటి. వాటిని సరిచేసి సరిచేసి, ఏ పేరు చూసినా ఎక్కడో తేడా ఉంటుందన్న అనుమానం నాకు అలవాటైపోయింది. అమెరికా వాళ్ళ పేర్లు మాత్రం తిన్నగా ఉంటాయని అనుకునేదాన్ని.

మా ఆఫీసుకి పది నిమిషాల నడకలో ఒక ఎర్ర ఇటుకల బిల్డింగ్ ఉండేది. ఒకప్పుడు అది టోపీల ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ మూతపడ్డాక దాన్ని అంతస్తుకి రెండు చొప్పున ఆరు ఫ్లాట్లుగా మార్చి అమ్మారు. ఫ్లాట్లు అమ్మారు గాని నేల అమ్మలేదు. అది ఫ్యాక్టరీ కట్టిన కుటుంబం దగ్గరే ఉండిపోయింది. ఆరుగురు ఓనర్లూ ఆ నేలని లీజుకు తీసుకున్నట్టు లెక్క. లీజు అయిపోయిన రోజున నేలతోపాటు దాని మీదున్న ఫ్లాట్లు కూడా ఆ కుటుంబానికే వెళ్ళిపోతాయి. కొన్నప్పుడు బోలెడన్ని ఏళ్ళున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మా దగ్గరికి వచ్చేసరికి పద్దెనిమిదేళ్ళు మిగిలాయి.

లీజులోనే ఒక దారి ఉంది. ఆరు ఫ్లాట్ల ఓనర్లూ, ఒక్కరు కూడా తగ్గకుండా, నోటరీ ఎదుట సంతకాలు చేసిన నోటీసు ఫలానా తేదీలోపు నేల యజమానికి అందితే, లీజు ఇంకో యాభై ఏళ్ళు పెరుగుతుంది. ఆ నేలని ఆరుగురూ కలిసి సమాన వాటాలతో కొనుక్కునే హక్కు కూడా వస్తుంది. తేదీ దాటితే రెండూ పోతాయి. అప్పటికి ఆ తేదీ పది నెలల దూరంలో ఉంది.

ఈ సంగతి కనిపెట్టింది లాయరు కాదు, నేనూ కాదు. మొదటి అంతస్తులో ఉండే ఒక తెలుగు ఆవిడ. వరంగల్ మనిషి, మందుల షాపులో ఫార్మసిస్టు. మందుల డబ్బాల మీద చిన్న అక్షరాలు చదివే అలవాటేమో, లీజు మొత్తం చదివి, అక్కడక్కడా పసుపు కాగితాలంటించి ఒకరోజు మా ఆఫీసుకి పట్టుకొచ్చింది. నేను తెలుగుదాన్నని తెలియగానే ఇంగ్లిష్ వదిలేసింది.

"అక్కా, నాకిప్పుడు యాభై ఎనిమిది. పద్దెనిమిదేండ్ల తర్వాత నేనుంటనో లేదో ఎవరికెరుక. నా బిడ్డయితే ఉంటది. అప్పుడు దాన్ని లెవ్వు, పో అంటే ఎటు పోతది?"

భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఉన్నది ఒక్క కూతురు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది. మాట నెమ్మది, లెక్కలు తెలియవు, కొత్త చోటంటే వణికిపోతుంది. నాలుగు వీధుల అవతల ఒక బేకరీలో కేకుల డబ్బాలు మడిచే పని చేస్తుంది. ఆ పనికి తనంతట తను వెళ్ళొస్తుంది. అది నేర్పడానికి ఆ తల్లికి రెండేళ్ళు పట్టిందట.

"మొదటి ఏడు పక్కన నడిచిన. రెండో ఏడు పది అడుగులు వెనక నడిచిన. ఇప్పుడు కిటికీల నిలబడి చూస్త, గంతే" అంది. "ఈ ఫ్లాట్ అమ్ముకుంటే ఎంతొస్తది, అది నాకు అవసరం లేదక్కా. నా తర్వాత అది గీడనే ఉండాలె. గా రోడ్డు దానికి వచ్చు."

మా లాయరుగారు కేసు తీసుకున్నారు. ఆరు సంతకాలు సేకరించే పని నాకిచ్చారు.

అందరిలోకీ మాకు భయమేసింది మూడో అంతస్తు ఫొటోగ్రాఫర్ గురించి. ఏడాదిలో పది నెలలు ఏ దేశంలో ఉంటాడో అతనికే తెలియదు. అతని కోసం వారం వారం మెయిళ్ళు రాశాను, అతని చెల్లెల్ని పట్టుకున్నాను, రాయబార కార్యాలయంలో సంతకం చేయించేలా ఏర్పాటు చేశాను. ఆ తర్వాత రెండు వారాల్లో కాగితం వచ్చింది. ఎంత పొంగిపోయానో! అసలు చూడాల్సిన వైపు చూడకుండా నా కళ్ళన్నీ అతని మీదే పెట్టాను.

రెండో అంతస్తులో ఒక రిటైరైన సిటీ బస్సు డ్రైవరుండేవాడు. అరవై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పులని నేనే ఆయన ఫ్లాట్‌కి వెళ్ళి విషయం చెప్పాను. కాఫీ ఇచ్చాడు, దాల్చినచెక్క వేసిన కేకు కోసిపెట్టాడు. మనవరాళ్ళ ఫొటోలు చూపించాడు. మధ్యలో కిటికీ చట్రం మీద చెయ్యి వేసి ఇంగ్లిష్‌లో అన్నాడు. "ఇది మా నాన్న ఇల్లు. ఇప్పటికీ ఆయనదే."

నాకది ఎంత బాగుందో! మనం అలాగే అంటాం కదా. కట్టింది మనమైనా, అప్పు తీర్చేది మనమైనా, "అంతా పెద్దాయనదేనండీ" అంటాం. ఈ దేశంలో కూడా అలా మాట్లాడే కొడుకొకడున్నాడని మురిసిపోయాను. "చాలా చక్కగా చెప్పారు" అని నవ్వి, రెండో ముక్క కేకు తీసుకున్నాను. ఆయన నావైపు ఒక్క క్షణం చూసి ఊరుకున్నాడు. కాగితాల మనిషిని, నాకన్నీ తెలిసే ఉంటాయనుకున్నాడు పాపం.

సంతకానికి ఆయన మా ఆఫీసుకొచ్చిన రోజున నోటరీ చేసింది రిసెప్షన్ ఆవిడ. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. ఆయన లైసెన్సు చూసి, తల తిప్పి నన్నడిగింది.

"ఇందులో పేరు చివర జూనియర్ అని ఉంది. డీడ్‌లో ఉందా?"

డీడ్ నా ముందే ఉంది. పేరు అక్షరం పొల్లుపోకుండా అదే. చివర జూనియర్ మాత్రం లేదు. చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి లేదు. పాత డీడుల్లో ఇలాంటివి వదిలేస్తుంటారు, నా చేతిమీదుగానే అలాంటివి పది పోయుంటాయి.

"పర్లేదు, వెయ్యండి" అన్నాను.

ఆవిడ ముద్ర వేసింది.

నోటీసు గడువుకి పదకొండు రోజుల ముందే అందజేశాం. అందినట్టు అవతలి లాయరు ఆఫీసు నుంచి రసీదు వచ్చింది. మర్నాడు ఫార్మసిస్టు స్టీలు డబ్బా నిండా కారంకారంగా సర్వపిండి చేసి తెచ్చింది. మా లాయరుగారు దాన్ని కాఫీలో ముంచుకుని తిన్నారు. అలా తినకూడదని చెప్పడానికి మా ఇద్దరికీ మనసొప్పలేదు.

ఇక నేల కొనే పని మొదలైంది. దానికోసం ఆరుగురి హక్కులూ సరిచూడమని ఒక టైటిల్ కంపెనీకి పంపాం. నోటీసు గడువు శుక్రవారం సాయంత్రం ఐదింటికి. అంతకు ముందు మంగళవారం ఆ కంపెనీలో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది.

"ఒక చిన్న డౌట్. రెండో అంతస్తు ఫ్లాట్ ఓనర్‌కి మా రికార్డులో తొంభై ఒక్కేళ్ళు. మీరు పంపిన ఐడీలో అరవై ఆరు. ఇద్దరు మనుషులా?"

ఫోన్ పెట్టేశాను. కేకు ముక్క, కిటికీ చట్రం, "ఇప్పటికీ ఆయనదే" అన్న మాట, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. లాయరుగారి గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"తండ్రి బతికున్నాడా?"

నాకు తెలియదు. పది నెలలు ఆ మనిషితో మాట్లాడి ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. అక్కడి నుంచే డ్రైవరుకి ఫోన్ చేశాను.

"బతికే ఉన్నాడు, పెన్సిల్వేనియాలో ఒక నర్సింగ్ హోమ్‌లో" అన్నాడాయన మామూలుగా. "ఫ్లాట్ ఆయన పేరు మీదే ఉంది. మీకు చెప్పాను కదా."

తండ్రికీ కొడుక్కీ ఒకటే పేరు. తండ్రికి మతిమరుపు జబ్బు. కొడుక్కి సంతకం అధికారం రాసివ్వడం లాంటిదేదీ చేయలేదు, ఇప్పుడు చేసే స్థితీ కాదు. కోర్టు ద్వారా కొడుకుని సంరక్షకుడిగా నియమింపజేసుకోవాలంటే నెలలు పడుతుంది. ఆ కేకు తిన్న రోజున నేను ఇంకొక్క ప్రశ్న అడిగుంటే ఆ నెలలన్నీ మా చేతిలో ఉండేవి.

మిగిలింది ఒకటే దారి. కొన్ని రోజులు ఆయనకి తెలివి బాగుంటుందని కొడుకన్నాడు. అలాంటి రోజున, ఏం చేస్తున్నదీ తెలిసి, నోటరీ ముందు సంతకం పెడితే చెల్లుతుంది. లాయరుగారు బుధవారమంతా కూర్చుని కొత్త నోటీసు రాశారు, నా నోటరీ ముద్ర న్యూజెర్సీ దాటితే చెల్లదు కాబట్టి అక్కడి నోటరీ ఒకావిడని మాట్లాడారు. గురువారం పొద్దున డ్రైవరు, నేను బయల్దేరాం. ఆయన కార్లోనే, ఆయనే డ్రైవ్ చేశాడు. మూడు గంటల ప్రయాణం.

దారిలో తండ్రి గురించి చెప్పాడు. ఆయన ఆ టోపీల ఫ్యాక్టరీలోనే పనిచేశాడట. తడి ఉన్నిని ఆవిరిలో పెట్టి టోపీ ఆకారానికి లాగే పని. ఫ్యాక్టరీ మూతపడి ఫ్లాట్లయ్యాక, తను ఇరవై ఏళ్ళు నిలబడి పనిచేసిన చోటే కావాలని పట్టుబట్టి, రెండో అంతస్తులో ఆ మూల ఫ్లాటే కొన్నాడట.

"మీరు ఆ రోజు అలా నవ్వితే, పేరు సంగతి మీకు తెలుసనుకున్నాను" అన్నాడు. తప్పు పడుతున్నట్టు అనలేదు. అందుకే తట్టుకోవడం కష్టమైంది.

పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, వేళ్ళు లావుగా ఉన్నాయి. కొడుకుని చూడగానే మొహం వికసించింది. పేరు పెట్టి పిలిచాడు. తన పేరే అది. మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

నోటరీ ఆవిడ పదకొండింటికి వచ్చింది. మెత్తటి మనిషి. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని, మీ పేరేంటని అడిగింది. సరిగ్గా చెప్పాడు. పక్కనున్నదెవరంటే, "మా అబ్బాయి" అన్నాడు. అప్పుడావిడ కాగితం చూపించి, "ఇదేమిటో చెప్పగలరా?" అని అడిగింది.

ఆయన కాగితం తీసుకుని, వేళ్ళతో అంచు తడిమి, చాలాసేపు చూశాడు.

"ఆర్డర్" అన్నాడు. "ఎన్ని టోపీలు కావాలంట?"

కొడుకు వంగి, "కాదు నాన్నా, ఇది ఇంటి గురించి. మన ఫ్లాట్ గురించి" అన్నాడు. పెద్దాయన తలూపి, బల్ల మీదున్న పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టడానికి చెయ్యి కిందికి దించాడు. పెట్టేవాడే. నోటరీ ఆవిడ కాగితం మీద తన అరచెయ్యి పరిచింది.

"సారీ. ఏం సంతకం పెడుతున్నాడో ఆయనకి తెలియదు. నేను చేయలేను."

ఆవిడ చేసింది సరైన పని. ఆ నిమిషంలో నేను ఆవిడని ద్వేషించాను. భోజనాలయ్యాక మళ్ళీ ప్రయత్నిద్దామని మూడింటిదాకా కూర్చున్నాం. ఆయన తింటూ తింటూ నిద్రపోయాడు. మళ్ళీ లేచేసరికి కొడుకెవరో కూడా తెలియలేదు.

బయట పార్కింగ్‌లో కారెక్కాం గాని డ్రైవరు స్టార్ట్ చేయలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాడు.

"మా ఇద్దరి సంతకం ఒకటే" అన్నాడు. "నాకు నేర్పింది ఆయనే. స్కూలు కాగితాల మీద నేనే పెట్టుకునేవాణ్ణి, టీచర్లు ఎప్పుడూ పట్టుకోలేదు. మీరు కూడా నోటరీయే కదా. ముద్ర మీ బ్యాగులోనే ఉంది. మనం ఊరెళ్ళాక..."

వాక్యం పూర్తి చేయలేదు. అక్కర్లేదు కూడా. మా నాన్న నిన్న జెర్సీ సిటీ వచ్చాడు అని ఆయనంటే, కాదనడానికి ఎవరున్నారు? పేరు అదే. సంతకం అదే. నేను వేయాల్సింది ఒక్క ముద్ర. శుక్రవారం ఐదింటిలోపు.

వద్దన్నాను. వెంటనే అన్నానని రాయాలనుంది గాని అబద్ధమవుతుంది. ఇరవై నిమిషాలు ఆ కార్లో కూర్చున్నాను. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, లోపల ఆ ముద్ర ఉన్నచోట పైనుంచి చెయ్యి వేసి కూర్చున్నాను. ఆ పిల్ల ఒక్కతే నాలుగు వీధులు నడిచి పనికి వెళ్ళడం కళ్ళముందు ఆడింది. న్యాయం గురించి ఆలోచించానా అంటే, ఆలోచించాను. కాని అంతకంటే ముందు నా ముద్ర పోతుందని, ఉద్యోగం పోతుందని, జైలని భయపడ్డాను. ఆ రెండిటిలో నన్ను ఆపింది ఏదో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

"నేను చేయలేను" అన్నాను చివరికి. నోటరీ ఆవిడ మాటే నా నోట్లోంచి వచ్చింది.

ఆయన తలూపి, అద్దాలన్నీ ఒకసారి సరిచూసుకుని కారు తీశాడు.

శుక్రవారం పొద్దున లాయరుగారు అవతలి వాళ్ళకి ఫోన్ చేసి, ఒక సంతకంలో చిక్కొచ్చింది, కొంచెం గడువివ్వండని అడిగారు. నేల అప్పటికి పాత కుటుంబం మనవల కంపెనీ చేతిలో ఉంది. వాళ్ళ లాయరు చాలా మర్యాదగా విని, మధ్యాహ్నానికి రెండు లైన్ల మెయిల్ పంపాడు. గడువు ఇవ్వడం కుదరదని.

ఐదింటికి నేను ఆఫీసులోనే ఉన్నాను. ఐదూ పదికి నడుచుకుంటూ ఫార్మసిస్టు ఇంటికి వెళ్ళాను. ఆమెకి అప్పటికే తెలుసు. డ్రైవరు చెప్పాడు, కార్లో జరిగింది కూడా. ఆమె తలుపు తీసి లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. వంటగదిలో నిలబడి మాట్లాడింది.

"ముద్ర నీ దగ్గర్నే ఉండెనట కదక్కా."

"ఉంది."

"ఒక్క ముద్ర. నా బిడ్డ కోసం ఒక్క ముద్ర వెయ్యకపోతివి."

ఆమె స్టవ్ ఆపింది, మళ్ళీ వెలిగించింది.

"వేస్తే తప్పే. నాకు తెల్వదా? దొంగ చీటీ తెచ్చి, మా అమ్మ సావుబతుకుల్లుంది మందియ్యుమంటే నేను మాత్రం ఇస్తనా? ఇయ్య. కాకపోతే..." అని ఆగి, చెంగుతో మొహం కప్పుకుంది.

అప్పుడే ఆ పిల్ల బేకరీ నుంచి వచ్చింది. బూట్లు విప్పి వరసగా పెట్టి, తల్లిని చూసి, నన్ను చూసింది.

"ఆంటీ, మమ్మీ క్రై చేస్తుంది. నువ్వు చేశావ్?"

"అవునమ్మా" అన్నాను. "నేనే చేశాను."

పిల్ల వంటగది పలకల మధ్య గీత వైపు చూస్తూ, "ఓకే" అంది. కోపంగా అనలేదు. అడిగిన దానికి జవాబు దొరికిందన్నట్టు అంది.

సోమవారం నా రాజీనామా లాయరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి పక్కన పెట్టారు. "ఆ డీడ్ నేనూ చదివాను. జూనియర్ లేదని నేనూ చూశాను" అన్నారు. "ఇది నా ఆఫీసు. తప్పు కూడా నాదే." తర్వాత, బుధవారం ఇంకో ఇంటి అమ్మకం క్లోజింగ్ ఉంది, ఆ ఫైలు ఎక్కడుందని అడిగారు. తీసిచ్చాను. రిసెప్షన్ ఆవిడ "నేను అడిగాను కదా" అని ఎప్పుడైనా అంటుందేమోనని ఆ తర్వాత ఆరేళ్ళు ఎదురుచూశాను. అనలేదు. నేను రిటైరైన రోజున కౌగిలించుకుని, చాలాసేపు వదల్లేదు. అంతే.

కోర్టుకి వెళ్ళాం. కొడుకు ఇరవై ఏళ్ళుగా ఆ ఫ్లాట్లో ఉంటున్నాడని, పన్నులన్నీ ఆయనే కడుతున్నాడని, నోటీసు సదుద్దేశంతోనే ఇచ్చామని లాయరుగారు వాదించారు. జడ్జిగారు ఓపిగ్గా విన్నారు. ఈ ఓనర్లంటే నాకు సానుభూతి ఉంది, అయితే లీజులో మాటలు స్పష్టంగా ఉన్నాయి అన్నారు. ఆ రోజు కోర్టు హాల్లో ఫార్మసిస్టు నాకు రెండు వరసల ముందు కూర్చుంది. వెనక్కి తిరగలేదు.

తీర్పు వచ్చిన రెండు నెలలకి పెద్దాయన పోయాడు. ఫ్లాట్ కొడుకు పేరుకి మారింది. ఇద్దరి పేరూ ఒకటే కాబట్టి కాగితాల్లో మార్చాల్సింది పెద్దగా ఏమీ లేకపోయింది. ఆ పని నేనే చేశాను. చేస్తూ చేస్తూ ఒకచోట ఆగి, బాత్రూమ్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పి ఏడ్చాను.

తర్వాత జరిగినవి మెల్లగా జరిగాయి. లీజు కొన్నేళ్ళే మిగలడంతో బ్యాంకులు లోన్లివ్వని ఆ ఫ్లాట్లకి కొనేవాళ్ళు లేక, ఆ మనవల కంపెనీయే ఒక్కొక్కటీ కొనేసింది. ఫొటోగ్రాఫర్ ముందు వెళ్ళాడు. డ్రైవరు పెద్ద కూతురింటికి వెళ్ళాడు. మా ఆఫీసు ఇన్సూరెన్సు వాళ్ళు ఆరుగురికీ ఎంతో కొంత ఇచ్చారు. అందరికంటే ఆఖర్న వెళ్ళింది ఫార్మసిస్టు. నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో తమ్ముడున్నాడని అక్కడికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నాకు చెప్పలేదు. ఇప్పుడా బిల్డింగ్ లేదు. అక్కడ అద్దాల టవరు లేస్తోంది. అటువైపు పనిపడితే వేరే వీధి చుట్టి వెళ్తాను.

పిల్లలూ, మీకు చెప్పదలచుకున్న జాగ్రత్తలు ఇంతకు ముందే మీకు అర్థమై ఉంటాయి. నేల ఎవరిదో అడగండి. గడువు తేదీలు చూసుకోండి. ఎదుటి మనిషి చెప్పిన మాట మన భాషలో ఎంత అందంగా వినిపించినా, ఆయన భాషలో దానికి అర్థమేమిటో ఆగి అడగండి. ఇవన్నీ నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఇలా జరిగింది. అందుకే ఇది పాఠం అనడానికి నోరు రావడం లేదు.

నేను రిటైరైన రెండో ఏడు, ఒకరోజు మధ్యాహ్నం నార్త్ కరోలినా నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు వెంటనే గుర్తుపట్టాను. క్షేమసమాచారాలు ఏమీ అడగలేదు.

"ఒక టౌన్‌హౌస్ చూసిన. కాంట్రాక్ట్ పంపుతున్న. నువ్వు చదవాలె."

"నేను రిటైరయ్యానమ్మా. అక్కడి చట్టం వేరు. అక్కడ మంచి లాయరుని..."

"లాయరున్నడు. ఆయన చదివిండు. నువ్వు కూడ చదువు" అంది. ఆ వెంటనే, "నీ అంత భయంగా ఎవ్వలు చదవరు" అంది.

అది తిట్టో, క్షమించడమో నాకు తెలియలేదు. అడిగే ధైర్యం కూడా లేదు. పాప ఎలా ఉందని మాత్రం అడిగాను.

"మూడేండ్లాయె, ఒక్కతే ఎటూ పోలే. ఈడ అన్నిటికీ కారే కావాలె. తమ్ముని ఇంట్ల టీవీ ముంగట కూసుంటది. గీ కొత్త ఇంటి ముంగట నడిచే తొవ్వ ఉన్నది, కిరాణా దుకాణం దాక. తొవ్వ చూసినంకనే లోపలికి పోయి ఇల్లు చూసిన." "నాకిప్పుడు అరవై ఆరక్కా. మళ్ల పక్కన నడవాలె. మోకాళ్ళు ఎన్నాళ్ళు నడవనిస్తయో."

సాయంత్రానికల్లా కాగితాలు వచ్చాయి. నలభై ఏడు పేజీలు. డైనింగ్ టేబుల్ మీద పరిచి, మొదటి నుంచి చివరిదాకా చదివాను. నేల ఇంటితోపాటే వస్తుంది, లీజు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆమెకి చెప్పడానికి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ కింద పెట్టి, మొదటి పేజీ తీశాను.